అనుమానం కాదు

సూది మొన బాగుందో లేదో గ్లఫీరా నికోనోవ్నా కంటితో తేల్చదు. ఎడమచేతి బొటనవేలి గోరు మీద మెల్లగా లాగి చూస్తుంది. గోరుకు పట్టుకుందంటే మొన వంకర తిరిగిందని లెక్క, మళ్లీ సానరాయి మీదికి పోవలసిందే. జారిపోయిందంటే పనికొస్తుంది. ఆ సోమవారం ఉదయం ఆరున్నరకల్లా పదకొండు సూదుల్లో తొమ్మిది జారిపోయాయి. మిగతా రెండింటినీ తిట్టుకుంటూ మళ్లీ నూరుతోంది. పొయ్యి మీద స్టీలు పెట్టెలో గాజు సిరంజీలు ఉడుకుతూ టకటకమంటున్నాయి. నలభై నిమిషాలు ఉడికిస్తే చాలని పుస్తకంలో ఉంది. ఆవిడ నలభై ఐదు ఉడికిస్తుంది. ఎందుకని అడిగితే, "పుస్తకం రాసినాయన మా నది నీళ్లు చూసి ఉండడు" అంటుంది.

ఆవిడ డాక్టరు కాదు. ఆ సంగతి కొత్తవాళ్లకు అందరికన్నా ముందు ఆవిడే చెబుతుంది. ఫెల్డ్‌షర్. నర్సుకు ఒక మెట్టు పైన, డాక్టరుకు చాలా మెట్లు కింద. పుళ్లు కడగొచ్చు, కట్లు కట్టొచ్చు, సూది వెయ్యొచ్చు, పురుడు పొయ్యొచ్చు, పళ్లు పీకొచ్చు. రోగానికి పేరు పెట్టడం మాత్రం డాక్టరు పని. పెద్దాసుపత్రికి మనిషిని పంపేటప్పుడు చీటీ మీద ఏ జబ్బు పేరు రాసినా పక్కన "అనుమానం" అని చేర్చాలి. న్యుమోనియా అనుమానం. అపెండిసైటిస్ అనుమానం. విరిగిన ఎముక చర్మం చీల్చుకుని బయటికి కనిపిస్తున్నా సరే, ఎముక విరిగినట్టు అనుమానం. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ అలాగే రాస్తోంది. అందులో ఆవిడకు చిన్నతనమేమీ తోచలేదు.

మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. పద్దెనిమిదో ఏట యుద్ధంలో గాయపడిన మగవాళ్లను ఆ భుజం మీద మోసింది మరి. పదినెలల చదువు, మూడేళ్ల యుద్ధం, ఆ తర్వాత కొన్నేళ్లకు ఈ జారెచ్యె ఊరు. తెల్లకోటు రోజూ తనే ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసుకుంటుంది. ఊళ్లో బురద మోకాళ్లదాకా ఉన్న రోజుల్లోనూ ఆ కోటు కాలరు కాగితంలా నిలబడి ఉంటుంది. పెళ్లి చేసుకుంది ఒకసారి. దుంగలు తేల్చుకుంటూ నది మీద పోయే మనిషి. రెండేళ్లు కాపురం చేసి, దుంగలతోపాటే దిగువకు పోయి అక్కడే ఇంకొకామెతో స్థిరపడ్డాడు. ఆయన మీద ఆవిడకు కోపం లేదు. "బూట్లు విప్పకుండా మంచమెక్కేవాడు, పీడా పోయింది" అంటుంది.

వైద్యకేంద్రం రెండు గదులు. ముందు గది కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. ముప్పై ఎనిమిది ఇళ్లు, ముప్పై ఎనిమిది పొగగొట్టాలు. సూదులు నూరుతూ ఆవిడ వాటినే చూస్తుంది. మా వైపు పొద్దున్నే పొయ్యి రాజెయ్యని ఇల్లుండదు. పొగ లేదంటే లోపలి మనిషికి లేవడానికి ఓపిక లేదన్నమాట. అలాంటి ఇంటికి ఆవిడ మధ్యాహ్నంలోగా ఏదో ఒక సాకు చెప్పి వెళ్లి వస్తుంది. ఆ రోజు ఒడ్డున ఉన్న చివరింట్లో పొగ లేదు. అది దెమెంతి ముసలాయన ఇల్లు. పడవలకు దారి చూపడానికి నది మీద తేలే దీపాలకు కాపలాదారు. చలికాలమంతా గడ్డకట్టి ఉన్న నది మీద రాత్రే మంచు పగిలి కదిలింది. మంచు కదిలిన రోజు దెమెంతి పొయ్యి సంగతి, తిండి సంగతి మరిచిపోయి ఒడ్డున నిలబడతాడని ఊరందరికీ తెలుసు. గ్లఫీరా కూడా అలాగే అనుకుని, చూపు పక్కింటి పొగ మీదికి తిప్పేసింది.

మంచు కదిలిందంటే తొమ్మిది పది రోజులు జారెచ్యె ఒంటరిదైపోతుంది. బండి పోదు, పడవ పోదు. ఇళ్లంతేసి మంచు పలకలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతుంటాయి. అవతలి ఒడ్డున గుట్ట మీద జిల్లా ఆసుపత్రి తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. గాలి ఇటు తిరిగితే దాని వంటింటి క్యాబేజీ సూపు వాసన కూడా వస్తుందంటారు. అక్కడికి చేరాలంటే మాత్రం నూట ఎనభై కిలోమీటర్ల అవతల పట్నం నుంచి హెలికాప్టరు రావాలి. అందుకే ఏటా మంచు కదలడానికి వారం ముందే గ్లఫీరా నెలలు నిండినవాళ్లను, గుండెజబ్బువాళ్లను స్లెడ్జి బండ్లెక్కించి అవతలికి తోలేస్తుంది. ఈ ఏడు ముగ్గుర్ని తోలింది. ఇక పది రోజులు నిశ్చింత అనుకుంది.

ఎనిమిదింటికి ఇంకా పది నిమిషాలుందనగా గోర్దేయ్ వచ్చాడు. ట్రాక్టరు డ్రైవరు, ఇరవై ఎనిమిదేళ్లవాడు. ఈ ఊళ్లో ఆవిడ పోసిన మొట్టమొదటి పురుడు వాళ్లమ్మదే.

"గ్లాషా పిన్నీ, ఓ సెలవు చీటీ రాసియ్యవా?" అన్నాడు గుమ్మంలోనే ఉండి, గ్లఫీరాను ముద్దుపేరుతో పిలుస్తూ.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "ఇవాళ సోమవారమని నాకు తెలుసురా. శనివారం నీ పుట్టినరోజని కూడా తెలుసు. ఎన్ని సీసాలు?"

"ఒకటే. అదీ ఇద్దరం."

"నీ లెక్కలో ఒకటంటే మూడు."

"ఒట్టు పిన్నీ. తలనొప్పి కూడా లేదు. కళ్లే ఏదోలా ఉన్నాయి. ఇందాక ట్రాక్టరు దగ్గరికెళ్తే రెండు ట్రాక్టర్లు కనబడ్డాయి. ఇప్పుడు నువ్వూ ఇద్దరు కనబడుతున్నావు."

"ఒక్కదాన్నే భరించలేక చస్తున్నారు ఊళ్లో, ఇద్దరెందుకురా? పో, క్యాబేజీ ఊరబెట్టిన నీళ్లు ఓ గ్లాసుడు తాగి పనిలోకెక్కు. చీటీ లేదు, గీటీ లేదు."

"సరేలే. మంచినీళ్లన్నా ఇయ్యి, నోరెండిపోతోంది." బకెట్లోంచి ముంత ముంచుకుని నోట్లో పోసుకున్నాడు. మింగలేక దగ్గాడు. నీళ్లు ముక్కులోంచి బయటికొచ్చాయి.

గ్లఫీరా సానరాయి పక్కన పెట్టింది.

దగ్గరికి వచ్చి నిలబడింది. వాడు ఆవిడను చూడడానికి తల వెనక్కి వంచాడు. ఆరడుగుల మనిషి, తన భుజం దాకా కూడా రాని మనిషిని చూడడానికి తల వెనక్కి వంచడమేమిటి? రెప్పలు సగం వాలిపోయి ఉన్నాయి. వాటి కిందినుంచి చూస్తున్నాడు. వాడి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. వోడ్కా వాసన లేదు. నాలుక ఎండు తోలులా ఉంది. మాట కూడా ముక్కుతో వస్తోందని అప్పటికి గమనించింది.

"శనివారం ఏం తిన్నావు?" అని అడిగింది. గొంతులో ఇందాకటి వెటకారం పోయింది.

"ఏముంది, బంగాళాదుంపలు, చేప, పుట్టగొడుగులు..."

"పుట్టగొడుగులు చెక్క పీపాలోవా, సీసాలోవా?"

"సీసాలోవే. రైసా వాళ్లక్క పట్నం నుంచి రేకు మూతలు పంపించింది కదా, నలభై."

పుట్టగొడుగులను పీపాలో ఉప్పేసి, పైన రాయి పెట్టడం మా వైపు తాతలనాటి పద్ధతి. పీపాకు గాలి ఆడుతుంది. ఈమధ్యే గాజు సీసాల్లో పెట్టి రేకు మూత బిగించడం ఒక గొప్పగా మారింది. గాలి చొరని సీసాలో నరాలను చచ్చుపరిచే బొటులిజం విషం పెరుగుతుంది. రంగు మారదు, వాసన రాదు. ఏటా శరత్కాలంలో క్లబ్బులో ఆడవాళ్లను కూర్చోబెట్టి, పుట్టగొడుగులకు రేకు మూత వద్దర్రా అని గ్లఫీరా గొంతు చించుకుంటుంది. వాళ్లు తలూపుతారు. ఇంటికెళ్లి మూత బిగిస్తారు. గోర్దేయ్ భార్య రైసా అయితే ఆ సీసాలను అద్దాల బీరువాలో వరసగా పెట్టి చుట్టాలకు చూపిస్తుంది.

ఈ వాలిన రెప్పలను ఆవిడ ఇంతకుముందు ఒకసారి చూసింది. ఈ ఊరికి వచ్చిన ఏడో ఏట. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరు. నరాల నీరసం అనుకుని బలానికి సూదులేసింది. ఇద్దరూ మూడోరోజు ఊపిరాడక పోయారు. ఆ తర్వాత ఆ జబ్బు గురించి దొరికిన ప్రతి కాగితమూ చదివింది. ఆ ఇద్దరి పేర్లూ ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తదు.

"నీతో ఇంకెవరు తిన్నారు?"

"దెమెంతి తాతే. రైసా పాలు పితకడానికి పోయింది. పాపకు అవి పడవు. మిగిలిన సగం సీసా తాతే ఇంటికి పట్టుకెళ్లాడు, బాగున్నాయని."

పొగ రాని పొగగొట్టం ఆవిడ కళ్లముందు నిలబడింది.

వీధిలో పోతున్న వాళ్లను కేకేసి, రైసాను పిలుచుకు రమ్మని ఒకర్ని, దెమెంతిని గుర్రపు బండి మీద పడుకోబెట్టి తీసుకురమ్మని ఇద్దర్ని తరిమింది. తనే పరుగెత్తాలని కాళ్లు లాగాయి. కానీ ముందు ఫోను. ఫోను ఎంత ఆలస్యమైతే హెలికాప్టరు అంత ఆలస్యమవుతుందని ఆవిడకు తెలుసు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది ఆర్సేనీ ల్వోవిచ్ అనే డాక్టరు. వచ్చి ఎనిమిది నెలలు. కుర్రవాడే గానీ తెలివైనవాడని పేరు.

"జ్వరముందా?" అన్నాడు.

"లేదు."

"కడుపునొప్పి?"

"లేదు. నిన్న ఒక్క వాంతి."

"మరి విషాహారం ఎలా అవుతుంది, గ్లఫీరా నికోనోవ్నా? శనివారం తాగాడంటున్నారు. ఇవాళ సోమవారం..."

"తాగినవాడి రెప్పలు నాకు తెలుసు డాక్టరుగారూ. ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి సోమవారం చూస్తున్నాను. ఇవి అవి కావు. నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయి. వస్తువులు రెండు కనిపిస్తున్నాయి. నాలుక ఎండిపోయింది. తిన్నది రేకు మూత సీసాలోవి."

అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు. ఆయన ఏ కాగితం చూస్తున్నాడో ఆవిడకు తెలుసు. మూడేళ్లకిందట ఇలాగే మంచు రోజుల్లో అపెండిసైటిస్ అనుమానమని హెలికాప్టరు పిలిపించింది. తీరా చూస్తే మూత్రపిండంలో రాయి. పిలిపించినందుకు మందలింపు రాసి, ఆసుపత్రి వరండాలో బల్ల మీద నెలరోజులు అంటించారు. ఇంకోసారి అలాంటిది జరిగితే వైద్యకేంద్రం నుంచి తీసేస్తామని కింద రాశారు.

"బొటులిజం అనుమానం అని రాసుకుంటున్నాను" అన్నాడాయన చివరికి. "అనుమానం మీద హెలికాప్టరు ఇవ్వాలంటే పట్నంలో పెద్ద డాక్టరు ఒప్పుకోవాలి. ఆయన పదకొండింటికి వస్తారు. అందాకా మీరు..."

"అనుమానం అని రాయకండి."

"ఏమిటీ?"

"అనుమానం కాదు. బొటులిజమే. ఫెల్డ్‌షర్ నిర్ధారించింది అని రాయండి. నా పేరు, ఇంటిపేరుతో సహా రాయండి. ఇక్కడ ఇద్దరున్నారు. రెండోవాడు డెబ్బై రెండేళ్లవాడు, వీడికంటే ఎక్కువ తిన్నాడు. దీనికి విరుగుడు సీరం మీ దగ్గరుంది. నా కిటికీలోంచి మీ కిటికీ కనిపిస్తోంది ఆర్సేనీ ల్వోవిచ్. మధ్యలో నదొక్కటే."

"ఫెల్డ్‌షర్‌కి ఆ హక్కు లేదని మీకు తెలుసు కదా?" అన్నాడు, బెదిరింపుగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు.

"తెలుసు. తర్వాత తీసేద్దురుగాని. ముందు పట్నానికి ఫోను కలపండి."

రిసీవరు పెట్టేశాక చూసుకుంటే అరచేయి తడిసిపోయి ఉంది. కోటుకు తుడుచుకోబోయి, కోటు పాడవుతుందని మానుకుంది. గడియారం ఎనిమిదీ ముప్పై ఐదు చూపిస్తోంది.

ఆ తర్వాత పని మీద పని. ఎర్ర రబ్బరు గొట్టం, గరాటు, బకెట్టు నిండా వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు. గోర్దేయ్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి గొట్టం లోపలికి దించింది. గరాటు పైకెత్తి నీళ్లు పోసింది, కిందికి దించి బకెట్లో ఒంపింది. మళ్లీ పోసింది. వాడు గింజుకుంటుంటే మోకాలితో అదిమి పట్టింది. ఆడమనిషి, యాభై నాలుగేళ్లది, ట్రాక్టరు నడిపేవాణ్ని కదలనివ్వలేదు. రైసా పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

"నేనే చంపేశాను పిన్నీ! నా చేత్తో నేనే మూత బిగించాను!"

"ఏడుపు తర్వాత. బకెట్టు పారబోసి ఇంకోటి కలుపు. పిడికెడు కాదు, రెండు చెంచాలు. ఆ సీసాలన్నీ గదిలో పెట్టి తాళమెయ్యి. పందులకు కూడా వెయ్యకు. వింటున్నావా?"

పని చెప్పేసరికి రైసా ఏడుపు ఆగింది.

తొమ్మిదింటికి బండి వచ్చింది. దెమెంతి బండి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒడ్డున కాదు, మంచం మీదే దొరికాడట, నిన్న సాయంత్రం నుంచీ లేవలేదట. రెప్పలు పూర్తిగా మూసుకుపోయాయి. గ్లఫీరా వేలితో ఎత్తితే కింద కళ్లు చురుగ్గా ఆవిడను గుర్తుపట్టాయి. ఈ జబ్బులో దుర్మార్గం అదే. ఒళ్లంతా పడిపోతుంది గానీ తెలివి పోదు. ముసలాయన కుడిచెయ్యి ఛాతీ మీద ఒక తెల్లటి గుడ్డమూట పట్టుకుని ఉంది. తీసుకురావడానికి వెళ్లినవాళ్లు చెప్పారు, పెట్టె వైపు చూపించి చూపించి అది తియ్యించుకున్నాడని. విప్పి చూస్తే ఉతికి మడతపెట్టిన కొత్త చొక్కా. మా వైపు ముసలివాళ్లు చివరిరోజుకని అలాంటిది ఒకటి పెట్టెలో దాచుకుంటారు.

"ఇదెందుకిప్పుడు?" అని గ్లఫీరా కసిరింది. "హెలికాప్టరొస్తోంది. నువ్వెప్పుడైనా ఎక్కావా? ఎక్కుదువుగాని."

చొక్కా బీరువాలో పెట్టేసింది. ఆయన వేళ్లు దుప్పటి మీద అటూ ఇటూ వెతికాయి.

ఆయన పొట్ట కూడా కడిగింది, చాలా మెల్లగా. నోట్లో చేరే ఉమ్మిని గుడ్డతో తీస్తూ, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి లెక్కపెట్టింది. రెండు మంచాల మధ్య దుప్పటి వేలాడదీసింది. ఇవతల గోర్దేయ్. అవతల దెమెంతి. మధ్యలో తను. పదింటికి ఫోను మోగింది. పట్నం ఒప్పుకుందట, కానీ అక్కడ పొగమంచు. పదకొండున్నరకు మళ్లీ మోగింది. బయలుదేరింది, దారిలో దిగి ఇంధనం నింపుకోవాలి. కిటికీలోంచి ఆవిడ నదికేసి చూడడం మానేసింది. తెల్లటి ఆసుపత్రి కనిపిస్తూ ఉంటే ఒళ్లు మండుతోంది.

పన్నెండింటికల్లా దెమెంతి పొట్ట కదలడం మానేసి, మెడ నరాలు మాత్రం ఎగిరెగిరి పడసాగాయి. గ్లఫీరా ఆయన తల వెనక్కి వంచి, నోటి మీద పలుచటి గుడ్డ వేసి, తన ఊపిరి ఊదడం మొదలుపెట్టింది. ఊదడం, నాలుగు అంకెలు లెక్కపెట్టడం, మళ్లీ ఊదడం. యుద్ధంలో ఒకసారి ఇలా ఇరవై నిమిషాలు ఊదింది. ఇప్పుడు గంటకు పైనే. తల తిరిగినప్పుడు రైసా వచ్చింది. ఎలా ఊదాలో ఒక్కసారి చూపించింది. రైసా ఊదింది. గ్లఫీరా గోడకానుకుని రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్లీ వచ్చింది.

నలభై తొమ్మిదిలో ఈ ఊరికి వచ్చిననాడు పడవలో నది దాటించింది దెమెంతే. ఒక చెక్కపెట్టె, జడలు వేసుకున్న పాతికేళ్ల పిల్ల. "డాక్టరేడీ?" అని వెనక్కీ ముందుకీ చూశాడట. నేను ఫెల్డ్‌షర్నంటే, తెడ్డు వెయ్యడం ఆపి కాసేపు ఆలోచించి, "సర్లే, ఒళ్లు తడవకుండా కూర్చో. ఉన్నది నువ్వొక్కదానివే" అన్నాడట. ఆ మాటంటే గ్లఫీరాకు ఎంత ఇష్టమో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒంటిగంట ప్రాంతంలో ఆయన నాడి వేళ్లకింద దారమంత సన్నబడింది. గ్లఫీరా బీరువా తెరిచింది. చొక్కా తీసి, ఆయన వేళ్ల కింద పెట్టింది. వేళ్లు గుడ్డను తడిమి, గుర్తుపట్టి, ఆగాయి. తర్వాత రైసా సాయంతో లేపి తొడిగి, బొత్తాలు పెట్టి, మళ్లీ ఊదసాగింది. ఒంటిగంటా పది నిమిషాలకు నాడి అందలేదు. ఇంకో పది నిమిషాలు ఊదింది. ఆ తర్వాత గుడ్డ తీసి, ఆయన పెదాలు తుడిచి, కాలరు సరిచేసింది.

దుప్పటి అవతలనుంచి గోర్దేయ్ ముక్కుతో అడిగాడు. "తాత... ఏంటి పిన్నీ, చప్పుడు లేదు?"

"నిద్రపోయాడు. నువ్వు మాట్లాడకు, ఊపిరి దాచుకో."

వాడికి అర్థమైంది. గోడవైపు తిరిగాడు. భుజాలు కదలడం చూసి ఆవిడ దగ్గరకు వెళ్లి, ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై రెండు. పొట్ట ఇంకా కదులుతోంది. వీడు ఉన్నాడు. వీణ్ని మాత్రం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

ఒకటీ నలభైకి హెలికాప్టరు బంగాళాదుంపల చేలో దిగింది. ఊరంతా టోపీలు పట్టుకుని నిలబడ్డారు. దారిలో అవతలి ఆసుపత్రి దగ్గర దాన్నెక్కిన డాక్టరు ఆర్సేనీ ల్వోవిచ్ సన్నటి పట్నం బూట్లతో బురదలో మడమల దాకా దిగబడుతూ వచ్చాడు. కోటు గుండీలు విప్పి, తన ఊలు మఫ్లరులో చుట్టిన అట్టపెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని ఉన్నాడు. గోర్దేయ్ రెప్పలెత్తి చూశాడు. గొంతులో చూశాడు. ఊపిరి విన్నాడు. గ్లఫీరా చీటీ అందించింది. అందులో జబ్బు పేరు ఒక్కటే ఉంది, పక్కన ఇంకే మాటా లేదు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"సిరంజీ?" అన్నాడు.

స్టీలు పెట్టె తెరిచి ఉంది. ముందు చుక్కంత చర్మం కింద వేసి, ఇరవై నిమిషాలు ఆగి చూడాలి. ఒళ్లు తట్టుకుంటేనే మిగతాది. ఆ ఇరవై నిమిషాలూ డాక్టరు దుప్పటి అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

"ఎప్పుడు?"

"ఇరవై నిమిషాలైంది మీరు దిగేటప్పటికి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. బూట్లనుంచి బురద నీళ్లు కారి నేల మీద మడుగు కట్టాయి. "పొద్దున నేను మిమ్మల్ని చాలాసేపు ప్రశ్నలడిగాను" అన్నాడు.

"అడగాల్సిందే. డాక్టరు పని అది" అంది గ్లఫీరా. దెమెంతి కాలరు వైపు చూస్తూ, "ఆయనింట్లో పొగ లేదని ఆరున్నరకే చూశాన్నేను. లేచి వెళ్లలేదు" అంది.

ఒకరినొకరు ఓదార్చుకోవడానికి అది సమయం కాదు. గోర్దేయ్ ఒళ్లు సీరాన్ని తట్టుకుంది. డాక్టరు మిగతా మోతాదు వెయ్యబోయి, సిరంజీ ఆవిడ చేతికిచ్చి, "మీరే వెయ్యండి. మీ చెయ్యి నాకంటే నిలకడగా ఉంది" అన్నాడు. ఆవిడ వేసింది. సూది జారినట్టు దిగింది. గోర్దేయ్ మూలగనైనా లేదు.

స్ట్రెచరు మీద ఎత్తుతుంటే వాడు తల వెనక్కి వంచి, రెప్పల సందులోంచి ఆవిడకోసం వెతికాడు.

"గ్లాషా పిన్నీ. ఇప్పుడన్నా... చీటీ ఇస్తావా?"

"ఇస్తాన్రా వెధవా. నెలరోజులకు ఇస్తాను. తిరిగొచ్చి తీసుకో."

హెలికాప్టరు లేచినప్పుడు గాలికి ఆడవాళ్ల తలగుడ్డలు ఎగిరిపోయాయి. గ్లఫీరా తెల్లకోటు అంచున బురద, మోచేతుల దాకా తడి. జుట్టు ఊడి ముఖం మీద పడింది. అయినా నిటారుగానే నిలబడింది. పక్కన నిలబడ్డ ఊరివాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగి ఆవిడకు చోటిచ్చారు. మా ఊళ్లో అలా చోటివ్వడం చాలా పెద్ద మర్యాద. హెలికాప్టరు నది దాటి అవతలి గుట్ట మీద దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పొద్దుటినుంచీ దాటలేని నది.

సాయంత్రం దాకా దెమెంతి పని చూసింది. రేపటి సమాధికి మగవాళ్లను పురమాయించింది. గోర్దేయ్ వెంట వెళ్లిన రైసా పాపను పక్కింట్లో అప్పజెప్పింది. పొద్దు వాలుతుంటే వైద్యకేంద్రానికి తిరిగొచ్చి గొట్టం కడిగింది, దుప్పట్లు నానబెట్టింది, సిరంజీలు మళ్లీ పొయ్యి మీద పెట్టింది. మందుల బల్ల తుడవబోతే మఫ్లరు కనిపించింది. విప్పితే అట్టపెట్టె. లోపల దూది మధ్య సీరం నింపిన చిన్న గాజుబుడ్లు, ఇంకా నలుగురికి సరిపోయేటన్ని.

మరిచిపోయాడనుకుని గాభరాగా ఫోను తిప్పింది.

"గోర్దేయ్ ఎలా ఉన్నాడు?" అని అదే ముందు అడిగింది.

"ఊపిరి తనే తీసుకుంటున్నాడు" అన్నాడు డాక్టరు. "రాత్రికి ఊపిరి మెషీను పక్కన పెట్టుకున్నాను. అవసరం రాకపోవచ్చు."

గ్లఫీరా బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. "మీరు సీరం ఇక్కడ మరిచిపోయారు ఆర్సేనీ ల్వోవిచ్. మంచులో ఎలా పంపను?"

"మరిచిపోలేదు."

"ఇది ఫెల్డ్‌షర్ దగ్గర ఉండకూడదు కదా. డాక్టరు చేతుల మీదుగానే..."

"ఉండకూడదు" అన్నాడాయన. "ఎవరైనా అడిగితే నన్ను అడగమనండి. చల్లటిచోట పెట్టండి, గడ్డకట్టనివ్వకండి. గ్లఫీరా నికోనోవ్నా, ఇంకోసారి ఫోను ముందు చెయ్యకండి. ముందు వేసి, తర్వాత నాకు చెప్పండి."

సరేనంది. ఫోను పెట్టేసి, మంచి కోటు తొడుక్కుని, కాలరు సరిచేసుకుని, పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని ఇంటి కిందున్న నేలమాళిగలోకి దిగింది. అక్కడ వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది, చలికాలంలో గడ్డకట్టదు. బంగాళాదుంపల బుట్ట పక్కకు జరిపి, మెట్టు మీద చోటు తుడిచింది. అట్టపెట్టె ఆ రాత్రి అక్కడే ఉంది, డాక్టరు ఊలు మఫ్లరు చుట్టుకుని, జారెచ్యె ఊరి ఫెల్డ్‌షర్ నేలమాళిగలో.